కుకీలు తుడిస్తే పోయేదెంత, మిగిలేదెంత?

ఫోన్ స్లో అయిందని హనుమకొండ చౌరస్తాలో ఏ మొబైల్ షాపుకి తీసుకెళ్లినా కౌంటర్ వెనక పిల్లగాడు మొదట చేసే పని కాష్ (పేజీలు త్వరగా తెరుచుకోవాలని ఫోన్ దాచుకునే ఫైళ్లు) క్లియర్ చేయడం. యాడ్స్ వెంటపడుతున్నాయని చెప్తే కుకీలు (మనల్ని గుర్తుపట్టడానికి సైట్లు బ్రౌజర్‌లో పెట్టే చిన్న రాత ముక్కలు) కూడా కలిపి లేపేస్తాడు. ప్రైవసీ టిప్స్ చెప్పే వీడియోల్లోనూ ఇదే మాట: వారానికోసారి బ్రౌజింగ్ డేటా డిలీట్ చేయండి, మీ సమాచారం భద్రం. ఇందులో సగం నిజం ఉంది. చిక్కు ఎక్కడంటే, ఆ సగం నిజం బాగా పనికొచ్చే చోట జనం దాన్ని పట్టించుకోరు, పెద్దగా పనికిరాని చోట మాత్రం ఊకే చేస్తుంటారు. సొంత ఫోన్‌లో రెండ్రోజులకోసారి అన్నీ తుడిచే మనిషే నెట్ సెంటర్‌లో జీమెయిల్ తెరిచి, ప్రింట్ తీసుకుని, ఆ విండో అట్లాగే వదిలేసి బస్సు టైమ్ అవుతోందని లేచి పోతాడు.

కుకీ ఎందుకు పుట్టిందో తెలిస్తే ఈ తేడా అర్థమవుతుంది. బ్రౌజర్‌కీ వెబ్‌సైట్‌కీ మధ్య మాటలు నడిపే హెచ్‌టీటీపీకి జ్ఞాపకం ఉండదు. ఒక పేజీ అడిగి, వెంటనే రెండో పేజీ అడిగినా, రెండూ అడిగింది ఒకరేనని సైట్‌కి తెలియదు. ఆన్‌లైన్ షాపులో కార్ట్‌లో వేసిన సరుకు పేజీ మారగానే మాయమైతే వ్యాపారం ఎట్లా నడుస్తుంది? 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో ఇంజనీరుగా ఉన్న లూ మాంటుల్లీ దీనికి దారి చూపించాడు. సైట్ ఒక చిన్న రాత ముక్కను బ్రౌజర్‌కి ఇస్తుంది, బ్రౌజర్ దాన్ని దాచుకుని ఆ సైట్‌కి మళ్లీ పోయిన ప్రతిసారీ చూపిస్తుంది, అంతే. ఒక్కో కుకీ మహా అయితే 4 కేబీ. అది వైరస్ కాదు, ప్రోగ్రామ్ కాదు, ఫోన్‌లో ఉన్న ఫొటోలు చదవలేదు.

భద్రకాళి గుడి దగ్గర చెప్పుల స్టాండ్‌లో ఇచ్చే టోకెన్ అనుకోండి. టోకెన్ మీద నంబర్ తప్ప ఇంకేమీ ఉండదు, ఆ నంబర్‌కి సంబంధించిన చెప్పులు ఏ అరలో ఉన్నాయన్నది స్టాండ్ అతనికే తెలుసు. టోకెన్ పారేసినంత మాత్రాన అరలో చెప్పులు మాయం కావు. కుకీ తుడవడం కూడా అంతే. ఆ నంబర్ కింద అవతలి సర్వర్‌లో, అంటే సైట్ వాళ్ల కంప్యూటర్‌లో పోగైన లెక్క, ఏ పేజీ చూశారు, ఎంతసేపు ఉన్నారు, దేని మీద నొక్కారు అన్నదంతా, అక్కడే ఉంటుంది. మన ఫోన్‌లో డిలీట్ బటన్‌కి అది అందదు.

కంప్యూటర్ ఉన్నవాళ్లు దీన్ని కళ్లారా చూడొచ్చు. క్రోమ్‌లో ఏదైనా తెలుగు న్యూస్ సైట్ తెరిచి, ఎఫ్12 నొక్కి, అప్లికేషన్ అనే ట్యాబ్‌లో కుకీస్ మీద క్లిక్ చేస్తే ఒక పట్టిక వస్తుంది: కుకీ పేరు, విలువ, ఇచ్చిన డొమైన్ (సైట్ చిరునామా), ఎప్పటిదాకా చెల్లుతుందన్న తేదీ. ఎందరొచ్చారో లెక్కపెట్టడానికి గూగుల్ అనలిటిక్స్ వాడే సైట్ అయితే అండర్‌స్కోర్ జీఏ (_ga) అనే కుకీ మామూలుగా కనిపిస్తుంది. దాని విలువలో ఆఖరి చుక్క తర్వాత పది అంకెలుంటాయి. అవి 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లు, అంటే ఆ కుకీ మొదటిసారి పడిన క్షణం. అక్కడ 1700000000 అని ఉంటే, మన టైమ్ ప్రకారం 2023 నవంబర్ 15 తెల్లవారుజామున 3 గంటల 43 నిమిషాలకు ఎవరో నిద్రపట్టక వార్తలు చదివారన్నమాట. పేరు లేదు, ఊరు లేదు, ఫోన్ నంబర్ లేదు. అయినా నెల తర్వాత వచ్చినా, ఆరు నెలల తర్వాత వచ్చినా ఆ బ్రౌజర్ అదేనని తెలిసిపోతుంది. దీనికి గూగుల్ పెట్టుకున్న గడువు రెండేళ్లు. 2022 నుంచి క్రోమ్ ఏ కుకీకైనా 400 రోజులకి మించి గడువు ఇవ్వడం లేదు గానీ, సైట్‌కి పోయిన ప్రతిసారీ ఆ గడువు మళ్లీ మొదటి నుంచి మొదలయ్యేలా రాసుకుంటారు కాబట్టి రోజూ చదివేవాళ్లకి అది ఎప్పటికీ తీరదు.

అదే పట్టికలో డొమైన్ అన్న గడిలో న్యూస్ సైట్ పేరు కాకుండా డబుల్‌క్లిక్ లాంటి వేరే పేర్లు కూడా కనిపిస్తే, అసలు కథ అక్కడుంది. వీటినే థర్డ్ పార్టీ కుకీలంటారు. డబుల్‌క్లిక్ అనేది యాడ్స్ కంపెనీ, 2008లో గూగుల్ చేతికొచ్చింది. జమ్మికుంటలో ఒక రైతు ట్రాక్టర్ లోన్ ఎంత వస్తుందో చూద్దామని ఒక ఫైనాన్స్ సైట్ తెరిచాడనుకుందాం. ఆ పేజీలో యాడ్ కంపెనీ కోడ్ ఉంటే అది కూడా తన కుకీ ఒకటి పెట్టి పోతుంది. సాయంత్రం మక్కల ధర చూద్దామని వార్తల సైట్‌కి పోతే అక్కడా అదే కంపెనీ కోడ్ ఉంటుంది, బ్రౌజర్ అదే కుకీని మళ్లీ దానికి చూపిస్తుంది, ట్రాక్టర్ యాడ్ పడుతుంది. రెండు సైట్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేదు, మధ్యలో ఉన్నవాడికి మాత్రం రెండూ తెలిశాయి. ఫోన్ మన మాటలు వింటోందని చాలామంది గట్టిగా నమ్ముతారు గానీ, ఇంత ఏర్పాటు ఉన్నాక వినాల్సిన అవసరం పెద్దగా ఉండదు.

ఈ థర్డ్ పార్టీ కుకీల మీద బ్రౌజర్లు తలో దారి పట్టాయి. యాపిల్ వాళ్ల సఫారీ 2020 మార్చిలో వీటిని పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2022 జూన్ నుంచి ఏ సైట్‌లో పడ్డ కుకీని ఆ సైట్‌కే కట్టేస్తోంది, ఒక చోట పెట్టింది ఇంకో చోట చూపించదు. క్రోమ్ మాత్రం 2020 జనవరిలో రెండేళ్లలో తీసేస్తామని చెప్పి, వాయిదా మీద వాయిదా వేసి, 2024 జూలైలో ఆ ఆలోచనే మానుకుంది. బ్రిటన్‌లో పోటీ నియంత్రణ సంస్థ అభ్యంతరాలు, యాడ్ కంపెనీల గోల ఇవన్నీ కారణాలే, కాదనలేం. కానీ యాడ్స్ మీద బతికే కంపెనీయే బ్రౌజర్ కూడా తయారుచేస్తే ఇట్లాగే ఉంటుంది మరి. మన దగ్గర ఎక్కువమంది చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్, అందులో ముందే వచ్చేది క్రోమ్. కాబట్టి సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి పోయి థర్డ్ పార్టీ కుకీస్‌ని బ్లాక్ మీద పెట్టడం మనమే చేసుకోవాలి. వారం వారం అన్నీ తుడిచే పనికంటే ఒక్కసారి ఇది చేసి వదిలేయడమే మేలు.

ఎందుకంటే, తుడిచిన తర్వాత ఏం జరుగుతుందో చూడండి. పాత నంబర్ పోతుంది, మళ్లీ సైట్‌కి పోగానే కొత్త నంబర్ పడుతుంది. అక్కడితో ఆగితే బాగుండు, ఆ నంబర్ కొత్త మనిషిదే అనుకుంటారు. కానీ ఐదు నిమిషాల్లో అదే ఫోన్ నంబర్‌తో, అదే మెయిల్‌తో లాగిన్ అవుతాం. అంతే, కొత్త టోకెన్ పాత అరకి చేరిపోయింది. పైగా క్రోమ్‌లో గూగుల్ ఖాతాతో సైన్ ఇన్ అయి ఉంటే, కుకీలు తుడిచినా ఆ ఖాతా లాగౌట్ కాదు, ఆ విషయం డిలీట్ పెట్టెలోనే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఇంకో తమాషా: ఫోన్‌లో ఆ పెట్టె తెరవగానే ముందుగా ఎంచి ఉండేది గడిచిన కాసేపటి డేటా మాత్రమే. ఆల్ టైమ్ అని మార్చకుండా డిలీట్ కొట్టి, అంతా పోయిందని నిశ్చింతగా ఉండేవాళ్లు చాలామంది.

వద్దన్న మాట కూడా కుకీలోనే ఉంటుంది. యాడ్ ట్రాకింగ్‌కి ఒప్పుకోను అని ఒక సైట్‌లో ఓపిగ్గా నాలుగు స్విచ్‌లు ఆఫ్ చేసి సేవ్ కొట్టారనుకోండి, ఆ నిర్ణయాన్ని ఆ సైట్ గుర్తుంచుకునేది ఒక కుకీతోనే. అన్నీ తుడిస్తే అదీ పోతుంది, మళ్లీ అదే పెట్టె ముందుకొస్తుంది. మొదటిసారి చదివి వద్దని కొట్టిన మనిషి ఆరోసారి విసుగొచ్చి యాక్సెప్ట్ ఆల్ నొక్కుతాడు. ఆ పెట్టెలు యూరప్ చట్టాల వల్ల వచ్చినవి, మన దగ్గర కుకీల కోసమే అంటూ ప్రత్యేక చట్టం లేదు. 2017లో సుప్రీంకోర్టు పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది, 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. అందులో సమ్మతి అడగడం లాంటి అసలు బాధ్యతలు అమల్లోకి రావడానికి కంపెనీలకి 18 నెలల గడువిచ్చారు.

ఊకే తుడవడంలో నష్టం కూడా ఉంది, దీని గురించి ఎవరూ చెప్పరు. ప్రతిసారీ అన్ని చోట్లా లాగౌట్ అవుతాం, ప్రతిసారీ పాస్‌వర్డ్ కొట్టాలి, ఓటీపీ కోసం ఎదురుచూడాలి. ఆ విసుగులో పాస్‌వర్డ్ చిన్నదైపోతుంది, అన్నిటికీ ఒకటే అవుతుంది. అంతకంటే ప్రమాదం, లాగిన్ పేజీ కనిపిస్తే చాలు ఆలోచించకుండా వివరాలు కొట్టేయడం అలవాటవుతుంది. దొంగ లింకులు పంపేవాళ్లకి కావలసింది ఆ అలవాటే.

కాష్ సంగతి వేరు. అది మనల్ని గుర్తుపట్టడానికి పుట్టింది కాదు, సైట్ లోగోలు, బొమ్మలు, డిజైన్ ఫైళ్లు మళ్లీ మళ్లీ దింపుకోకుండా ఫోన్‌లో దాచుకోవడానికి. దాన్ని కూడా ట్రాకింగ్‌కి వాడుకున్నారు, ఒక ఫైల్‌కి ఒక్కొక్కరికి ఒక్కో గుర్తు పెట్టి, బ్రౌజర్ మళ్లీ అడిగినప్పుడు ఆ గుర్తును బట్టి మనిషిని పట్టుకునే పద్ధతి ఉంది. 2010లో శామీ కామ్కార్ అనే సెక్యూరిటీ పరిశోధకుడు ఎవర్‌కుకీ అని ఒకటి తయారుచేసి, కుకీని ఒక చోట తుడిస్తే కాష్ నుంచో ఇంకో మూల నుంచో అది మళ్లీ ఎట్లా లేచొస్తుందో చూపించాడు. ఆ తర్వాత బ్రౌజర్లు జాగ్రత్తపడ్డాయి: 2020 చివర్లో క్రోమ్, 2021 జనవరిలో ఫైర్‌ఫాక్స్ ఒక్కో సైట్‌కి కాష్‌ని విడివిడిగా పెట్టడం మొదలుపెట్టాయి, సఫారీ అంతకుముందే చేసింది. అందుకని ప్రైవసీ కోసం కాష్ రోజూ తుడవాల్సిన పనిలేదు. ఏటూరునాగారం, తాడ్వాయి దిక్కు సిగ్నల్ అంతంత మాత్రంగా ఉండే ఊళ్లలో అయితే తుడవడమే నష్టం, ప్రతి పేజీ మొదటి నుంచి దిగాలి, డేటా ప్యాక్ కరిగిపోతుంది. సైట్ పాతదే చూపిస్తోంది, పేజీ విరిగిపోయి వస్తోంది అన్నప్పుడు తుడిస్తే సరిపోతుంది.

అసలు ఈ రెండింటినీ దాటి పోయే దారులు చాలా ఉన్నాయి. స్క్రీన్ సైజు, ఫాంట్లు, బ్రౌజర్ వెర్షన్, భాష, టైమ్ జోన్ ఇట్లాంటివన్నీ కలిపితే ఏ కుకీ లేకుండానే ఆ కంప్యూటర్‌ని గుర్తుపట్టొచ్చు. అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే డిజిటల్ హక్కుల సంస్థ 2010లో చేసిన పరిశీలనలో, తమ పరీక్షకొచ్చిన బ్రౌజర్లలో 83.6 శాతం ఒకదానితో ఒకటి కలవలేదు. హిస్టరీ దాచుకోని ఇన్‌కాగ్నిటో విండో కూడా దీన్ని ఆపదు. అది ఆపేది ముఖ్యంగా ఇంట్లో ఇంకొకరు హిస్టరీ చూడకుండా, ఏ సైట్‌కి పోయారన్నది నెట్ ఇచ్చే కంపెనీకి, అక్కడ ఏం చేశారన్నది ఆ సైట్‌కి కనిపిస్తూనే ఉంటుంది.

ఫోన్‌లో మనం గడిపే టైమ్‌లో బ్రౌజర్ వాటా ఎంత? ఎక్కువ భాగం యాప్‌లే కదా. యాప్‌లకి కుకీల అవసరం లేదు, ఆండ్రాయిడ్ ప్రతి ఫోన్‌కీ ఒక అడ్వర్టైజింగ్ ఐడీ ఇస్తుంది, యాడ్స్ కోసం చాలా యాప్‌లు చదివేది దాన్నే. క్రోమ్‌లో ఎన్ని తుడిచినా దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో యాడ్స్ అన్న చోట ఆ ఐడీని డిలీట్ చేసే బటన్ ఉంది, కొట్టేస్తే యాప్‌లకి సున్నాలే కనిపిస్తాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో, ఫేస్‌బుక్‌లో లింక్ నొక్కితే తెరుచుకునేది కూడా క్రోమ్ కాదు, ఆ యాప్ లోపలి బ్రౌజర్, దాని కుకీలు దానికి వేరే. అవతలి సర్వర్‌లో ఉన్న లెక్క తగ్గాలంటే గూగుల్ మై యాక్టివిటీలోకి పోయి ఆటో డిలీట్ 3 నెలలకి పెట్టుకోవచ్చు. మన వైపు ఎన్నిసార్లు తుడిచినా రాని ఫలితం దీంతో వస్తుంది.

ఇక తుడవడం నిజంగా అవసరమయ్యే చోటు. ఈఏపీసెట్ కౌన్సెలింగ్, డిగ్రీ సీట్ల కోసం దోస్త్ వెబ్ ఆప్షన్లు, స్కాలర్‌షిప్ రెన్యువల్ మొదలైతే హనుమకొండలో, సుబేదారిలో, కరీంనగర్‌లో, జగిత్యాలలో నెట్ సెంటర్లు కిటకిటలాడతాయి. ఒకరు లేవగానే ఇంకొకరు అదే కుర్చీలో కూర్చుంటారు. వెబ్ ఆప్షన్ల పేజీ గురించే అందరికీ టెన్షన్ గానీ, అట్లాంటి పోర్టళ్లు కాసేపు కదలిక లేకపోతే వాటంతట అవే బయటికి పంపేస్తుంటాయి. ఉండిపోయేది జీమెయిల్. కుల ధ్రువీకరణ పత్రం మెయిల్‌లో ఉందని తెరుస్తారు, ఫోన్‌లో మీరేనా అని అడిగితే అవునని నొక్కుతారు, పీడీఎఫ్ దింపుతారు, ప్రింట్ వస్తుంది, పైసలిచ్చి పోతారు. ట్యాబ్ మూసినా లాగిన్ అట్లాగే ఉంటుంది, రోజుల తరబడి. తర్వాత కూర్చున్నవాళ్లు జీమెయిల్ అని కొడితే చాలు. తొందరలో సేవ్ పాస్‌వర్డ్ అన్నదానికి అవునని కొట్టి ఉంటే అది ఇంకో తలనొప్పి, ఫోన్ నంబర్ గడిలో 9 కొట్టగానే ముందు వచ్చినవాళ్ల నంబర్లన్నీ వరసగా దిగుతాయి, అది మరొకటి. కుకీలు తుడిస్తే మొదటిదే, అంటే లాగినే పోతుంది, పాస్‌వర్డ్‌లకీ ఆటోఫిల్‌కీ అదే పెట్టెలో వేరే టిక్‌లున్నాయి, అవి కూడా పెట్టాలి. కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కితే ఆ పెట్టె తెరుచుకుంటుంది.

అన్నీ తుడిచినా డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మిగిలే ఉంటుంది. డౌన్‌లోడ్ హిస్టరీ డిలీట్ చేస్తే పోయేది జాబితా, ఫైల్ కాదు. ఆ ఫోల్డర్‌లో ఈ-ఆధార్ పీడీఎఫ్ ఉంటుంది. దానికి పాస్‌వర్డ్ ఉంది కదా అనుకుంటారు, ఆ పాస్‌వర్డ్ పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పక్కన పుట్టిన సంవత్సరం. ఆ రెండూ ఉన్న టెన్త్ మెమో కూడా పక్కనే పడి ఉంటుంది, అదే ఫోల్డర్‌లో. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్, ఆధార్ ఇచ్చే యూఐడీఏఐ సైట్‌లోనే దొరుకుతుంది, చాలా పనులకి అది చాలు.

తుడవడానికీ లాగౌట్‌కీ పెద్ద తేడా ఉందన్నది ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. కుకీ తుడిస్తే ఆ కంప్యూటర్‌లో కాపీ పోతుంది, సర్వర్ దృష్టిలో ఆ లాగిన్ బతికే ఉంటుంది. లాగౌట్ కొడితే సర్వరే ఆ లాగిన్‌ని రద్దు చేస్తుంది. కుకీలు దొంగిలించడానికే తయారైన మాల్వేర్లు (దొంగ ప్రోగ్రాములు) ఉన్నాయి, సరైన యాంటీవైరస్ లేని కంప్యూటర్‌లో అది అప్పటికే కుకీని కాపీ చేసి పంపేసి ఉంటే, తర్వాత మన దగ్గరది తుడిచి లాభం లేదు. ఓటీపీ కూడా అడ్డుపడదు, ఎందుకంటే ఆ కుకీ ఓటీపీ దాటిన తర్వాత ఇచ్చింది. కాబట్టి ముందు లాగౌట్, తర్వాత తుడవడం. మరిచిపోయి బస్సెక్కి మహబూబాబాద్ చేరుకున్నా పరవాలేదు, ఫోన్‌లోంచే గూగుల్ ఖాతాలో సెక్యూరిటీ కింద మీ పరికరాల జాబితా తెరిచి ఆ కంప్యూటర్‌ని సైన్ అవుట్ చేయొచ్చు, వాట్సాప్ వెబ్ తెరిచి ఉంటే లింక్డ్ డివైసెస్‌లో తీసేయొచ్చు. అనుమానం ఉంటే పాస్‌వర్డ్ మార్చేయాలి. డబ్బు పోయిందంటే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టాలి. బ్యాంకు పని అసలు అక్కడ పెట్టుకోకపోవడమే మంచిది, కీబోర్డ్ మీద కొట్టే ప్రతి అక్షరం రాసిపెట్టే సాఫ్ట్‌వేర్ ఉంటే ఏ బ్రౌజర్ సెట్టింగూ కాపాడదు.

క్రోమ్‌లో ప్రొఫైల్ బొమ్మ మీద నొక్కితే గెస్ట్ అని ఒకటి ఉంటుంది. అందులో పని చేసుకుని విండోలన్నీ మూస్తే కుకీలు, హిస్టరీ, పాస్‌వర్డ్‌లు ఏవీ మిగలవు, దింపిన ఫైళ్లు తప్ప. నెట్ సెంటర్ నడిపేవాళ్లు డెస్క్‌టాప్ మీద ఇదే తెరుచుకునేలా పెడితే సగం గొడవ తీరుతుంది. అయితే సెంటర్ దగ్గర ఏమీ ఉండదని కాదు. 2011 నాటి సైబర్ కేఫ్ నిబంధనల ప్రకారం ఎవరు వచ్చారన్న రిజిస్టర్, ఏ వెబ్‌సైట్లు తెరిచారన్న రికార్డు కనీసం ఏడాది పాటు వాళ్లు ఉంచాలి. బ్రౌజర్‌లో హిస్టరీ తుడిచినా ఆ రికార్డుకి సంబంధం లేదు, అది నేరాల విచారణ కోసం పెట్టింది.

జిరాక్స్ షాపుల్లో ఇంత కూడా ఉండదు. అక్కడ బ్రౌజరే లేదు, గోడ మీద ఒక వాట్సాప్ నంబర్ రాసి ఉంటుంది, దానికి పంపండి అంటారు. ఆధార్, పాన్, పాస్‌బుక్ మొదటి పేజీ, భూమి కాగితాలు అన్నీ ఆ ఒక్క నంబర్‌కే పోతాయి, షాపు కంప్యూటర్‌లో దిగుతాయి. వాట్సాప్‌లో డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొట్టినా కంప్యూటర్‌లో దిగిన కాపీ దిగినట్టే ఉంటుంది. ప్రింట్ చేతికి రాగానే అక్కడే నిలబడి చాట్‌లోంచి, డౌన్‌లోడ్స్‌లోంచి, రీసైకిల్ బిన్‌లోంచి ఆ ఫైల్ తీయించుకుని రావాలి. అడగడానికి మొహమాటపడతారు గానీ షాపతను ఏమీ అనుకోడు, వెనక లైన్లో ఉన్నవాళ్లు ఒక నిమిషం ఆగుతారు.